భయం కొలిచే కాగితాలు

అది క్యాంటీన్ వెనక ఉల్లిపాయల బస్తాలు పెట్టుకునే గది. మూడు వారాల కిందట బస్తాలు తీయించి, ఒక బల్లా రెండు కుర్చీలూ వేసి హైమావతికి ఇచ్చారు. బస్తాలు పోయాయి గాని వాసన పోలేదు. మొదటి రెండు రోజులూ ఆమె కళ్ళు తుడుచుకుంటూ ఉంటే, డాక్టరమ్మ మన కష్టాలు విని ఏడుస్తున్నదని ప్రెస్ షాపులో చెప్పుకున్నారు.

డాక్టరే గాని మందులిచ్చే డాక్టరు కాదు. హైదరాబాదులో, యూనివర్సిటీలో సైకాలజీ రీడరు. పరీక్షలంటే వణికిపోయి చదువు మానేసే పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడించడం ఆమె పని. ఆ భయం మీదే డాక్టరేటు తెచ్చుకుంది. పన్నెండేళ్ళు పిల్లల భయం చూశాక, మెషిన్ల దగ్గర బతికేవాళ్ళ భయం ఎలాంటిదో చూడాలని బుద్ధి పుట్టి, పటాన్‌చెరు పక్కనున్న ఈ ఫ్యాక్టరీకి అర్జీ పెట్టి, ఆర్నెల్లు తిరిగి అనుమతి సంపాదించింది. వచ్చే నెలలో ప్రొఫెసరు పోస్టుకి ఇంటర్వ్యూ. ఈ పని పూర్తయితే పోస్టు ఆమెదేనని డిపార్టుమెంటులో అందరూ అన్నారు. కాదని ఆమె కూడా ఎప్పుడూ అనలేదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఆఖరుగా వచ్చినవాడు పెంటయ్య. కర్దనూరు మనిషి, ప్రెస్ షాపులో ఎనిమిదేళ్ళ సర్వీసు. కుర్చీ అంచున, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చున్నాడు.

“పెంటయ్యగారూ, భయపడకండి. నేనడిగినదానికి మీకు తోచింది చెప్పండి, చాలు.”

“పేరు రాయనంటివి గదమ్మా. నా పేరు నీకెట్ల ఎరుక?”

“బయట ఫోర్‌మన్ కేకేశాడు కదా, విన్నాను. కాగితం మీద మాత్రం రాయను. ఇదిగో, నంబరే. మీరు నూట పన్నెండు.”

పెంటయ్య ఆ అంకెల వంక కాసేపు చూశాడు. ఆయన్ని ‘గారూ’ అన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. పెద్దవాళ్ళు మెత్తగా మాట్లాడితే ఏదో ఉంటుందని కర్దనూరులో అందరికీ తెలుసు. తలుపు వేసి ఉందో లేదో మెడ తిప్పి చూసుకున్నాడు.

“పనిలో ఉన్నప్పుడు భయం వేస్తుందా? ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడూ. ఈ నాలుగింటిలో ఏది రాయమంటారు?”

“వేసుడేందమ్మా. ఉంటది. పొద్దుగాల సద్ది పట్టుకొని గేటు దాటంగనే ఉంటది. ఏడికి పోతది ఇగ అది.”

హైమావతి ‘ఎల్లప్పుడూ’ ఎదురుగా గుర్తు పెట్టింది. పెంటయ్య ఆ గుర్తును చూసి, “గంతేనా?” అన్నాడు.

“ఇంకేమైనా ఉంటే చెప్పండి. వెనక వైపు రాస్తాను.”

ఆయన చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని కుడి చేత్తో కప్పుకుని, బల్ల కాలిని చూస్తూ చెప్పాడు.

“ప్రెస్సు ముంగట జాలీ ఉంటదమ్మా. ఇనుప జాలీ. రేకు పెట్టి చెయ్యి తీసినంక, జాలీ దిగినంకనే ప్రెస్సు దిగుతది. గది ఉంటే చెయ్యి పోదు. గని ఒక్కో రేకుకు జాలీ ఎత్తాలె, దించాలె. పని సాగదు. తీసేస్తే షిఫ్టుకు మూడొందల బిళ్ళలు ఎక్కువ పడతయి. సూపర్‌వైజరు ఇప్పుమన్నడు. ఇప్పిన.”

“మీరు విప్పారా?”

“నేనే ఇప్పిన. స్పానరు పట్టింది ఈ చెయ్యే. ఇప్పిన నాలుగో దినం నాతోటి ప్రెస్సు మీదుండే అంజయ్యవి మూడు వేళ్ళు పోయినయి. జాలీ ఉండె, అంజయ్యనే ఇప్పుకుండు, కల్లు తాగొచ్చిండు అని ఎంక్వైరీల రాసిన్రు. కింద నన్నూ మా ప్రెస్సు మీది పెద్దరాములునూ ముద్ర పెట్టుమన్నరు. పెట్టినం. అంజయ్య కల్లు ముట్టడమ్మా. వాళ్ళింట్ల ఎవ్వలు ముట్టరు.”

హైమావతి పెన్ను ఆగలేదు. ఇలాంటి మాట కోసం పరిశోధకులు ఏళ్ళ తరబడి కాచుకుని ఉంటారు. వింటున్నంతసేపూ ఆమెకి జాలి కలిగింది, దాని వెనకే కొంచెం సంతోషమూ కలిగింది, ఆ సంతోషానికి సిగ్గూ వేసింది.

“అప్పటి నుంచి మీకెలా ఉంటోంది?”

“రేకు పెట్టబోతే చెయ్యి ఆగుతది. ఇంట్ల బువ్వ కలుపుతుంటే గూడ ఆగుతది. మా ఇంటిది మల్లమ్మ తినమంటది. ఎట్ల తినాలె.” తల ఎత్తి ఆమె రాస్తున్న కాగితం వంక చూశాడు. “శుక్రారం సంగారెడ్డిల లేబర్ ఆఫీసరు దగ్గర అంజయ్య కేసున్నది.”

అది కూడా రాసుకుంది. చాలండి, వెళ్ళిరండి అంది. పెంటయ్య కదల్లేదు.

“సదువు.”

“ఏమిటి?”

“రాసింది సదువమ్మా. ఇనాలె.”

చదివింది. ‘ప్రమాద సమయంలో రక్షణ జాలీ యంత్రానికి లేదు’ అని రాసుకున్న చోట ఆయన తలూపలేదు. “లేదు గాదు. ఇప్పుమన్నరు, నేను ఇప్పిన. గట్ల రాయి,” అన్నాడు. ఆమె కొట్టేసి అలాగే రాసింది. మళ్ళీ మొదటి నుంచి చదివించుకున్నాడు. చివరికి లేచి, డిపార్టుమెంటు ముద్ర కోసం ఆమె బల్ల మీద పెట్టుకున్న సిరా మెత్త మీద ఎడమ బొటనవేలు అద్ది, కాగితం కింద మూలన జాగ్రత్తగా దొర్లించి పెట్టాడు.

హైమావతి వద్దనలేదు. మొదట్లో అంది. కర్దనూరు వాళ్ళంతా ఇదే పని చేస్తుంటే, అక్కర్లేదు బాబూ అని ఇద్దరు ముగ్గురికి చెప్పి చూసింది. వినలేదు. ఫ్యాక్టరీకి పొలాలు పోయినప్పుడు, కాగితం మీద వేలు పడ్డవాడికి ఉద్యోగం వచ్చింది, పడనివాడికి రాలేదు. అప్పటి నుంచి ముద్ర లేని కాగితం వాళ్ళ లెక్కలో కాగితమే కాదు. పేరు లేదు కదా, వేలిముద్ర చూసి ఎవరు పోల్చుకుంటారని ఆమె ఊరుకుంది. పైగా ఈ అలవాటు మీద తన వ్యాసంలో నాలుగు వాక్యాలు రాయొచ్చని కూడా అనుకుంది. నూట పన్నెండు కాగితాల్లో ముప్ఫై ఎనిమిదింటికి ముద్రలున్నాయి.

*

మర్నాడు పదకొండింటికి త్రినాథరావు వచ్చాడు. పర్సనెల్ మేనేజరు. మనుషుల్ని పనిలో పెట్టుకోవడం, తీసేయడం ఆయన చేతిలోని పనులు. చేతిలో స్టీలు డబ్బా ఉంది.

“మా ఆవిడ నాగరత్నం పులిహోర పంపిందండి. ఈ జొన్నరొట్టెల దేశంలో మన తణుకు ఆడపడుచు ఏం తింటోందో ఏమోనని దానికి ఒకటే బెంగ.”

హైమావతి దండం పెట్టి అందుకుంది. ఆయన కూర్చుని, ఎండల గురించీ, తణుకులో ఇద్దరికీ తెలిసిన ఒక లెక్కల మేష్టారి గురించీ మాట్లాడుతూ, బల్ల మీద బొత్తిలో పైకాగితం తీసుకున్నాడు. అది నూట పన్నెండు. ముందువైపు చూశాడు. వెనక్కి తిప్పబోయి, కింద మూలన ఆగాడు.

“పేర్లు ఉండవన్నారు కదండీ మీరు.”

“లేవండి.”

“మరి ఇదేమిటి?”

“వాళ్ళ అలవాటు. వద్దన్నా వినరు.” ఆమె చెయ్యి చాచి కాగితం తీసుకుంది. ఆయన ఇచ్చేశాడు. ఇచ్చేసిన తీరు చూస్తే ఆమెకి గుండె జారింది. లాక్కోవలసిన అవసరం లేనివాడే అంత మర్యాదగా ఇస్తాడు.

త్రినాథరావు జేబులోంచి ఒక మడత తీసి బల్ల మీద పరిచాడు. ఆమెకిచ్చిన అనుమతి పత్రం నకలు. కింద ఆమె సంతకం. నాలుగో షరతు మీద గోరు పెట్టి చూపించాడు. ఫ్యాక్టరీ ఆవరణలో సేకరించిన సమస్త వివరాలూ యాజమాన్యానికి అప్పగించాలి.

“అది చివర్న ఇచ్చే రిపోర్టు గురించనుకున్నానండి.”

“సమస్త వివరాలూ అని ఉంది.”

“పేరు బయటికి రాదని వాళ్ళకి నేను మాటిచ్చాను.”

“వాళ్ళకి మాటిచ్చారండి. మాకు సంతకం ఇచ్చారు.” ఆయన నవ్వుతూనే అన్నాడు. “ముద్రలు ఎన్నింటికున్నాయి?”

“లెక్కపెట్టలేదు.”

“సర్వీసు కార్డుల మీద అందరి ఎడమ బొటనవేళ్ళూ ఉన్నాయి మా దగ్గర. ఓ భూతద్దం కూడా ఉంది. ఓపిక ఉండాలంతే.” లేచి నిలబడ్డాడు. “రేపు మూడింటికి మీరే తీసుకొచ్చేయండి మేడమ్. మా డైరెక్టరుగారు మీ గురించి అడుగుతున్నారు. మీ సెలక్షన్ కమిటీలో ఆయన ఉన్నారు కదా. మంచి పని చేస్తోందా అని అడిగారు. చాలా మంచి పని అని చెప్పాను. పులిహోర తినేయండి, చల్లారితే బాగుండదు.”

ఆయన వెళ్ళాక హైమావతి తలుపు వేసుకుంది. నాలుక పిడచకట్టింది. అరచేతులు చెమర్చాయి. కడుపులో చల్లగా ఏదో తిరిగింది. ఇవన్నీ ఆమె ప్రశ్నల్లో పదకొండు నుంచి పద్దెనిమిది దాకా ఉన్నవే. ఒక్కోదానికి ఇంగ్లీషు పుస్తకాల్లో ఏ పేరుందో ఆమెకి తెలుసు. తెలిసినందువల్ల ఒక్కటీ తగ్గలేదు.

కాగితాలు సంచిలో వేసుకుని హైదరాబాదు వెళ్ళిపోతే? గెస్టుహౌసు కూడా ఫ్యాక్టరీ ప్రహరీ లోపలే. గేటు దగ్గర సంచులు విప్పి చూడందే చీమను కూడా పోనివ్వరు. ఇవ్వనంటే? గది తాళం వాళ్ళది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పులిహోర డబ్బా మూత తీయకుండానే సాయంత్రమైంది.

*

కత్తెర ఆలోచన గురువారం పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే వచ్చింది. వచ్చిందే తడవు ఆమెకి ప్రాణం లేచివచ్చింది. ఇంత చిన్న ఉపాయం రాత్రంతా తట్టలేదేమిటని తనను తనే తిట్టుకుంది.

గెస్టుహౌసు మంచం మీద ముప్ఫై ఎనిమిది కాగితాలూ పరుచుకుని, ఒక్కో మూలా కత్తిరించింది. అడ్డదిడ్డంగా కాదు, ఒకే కొలతలో, మడత పెట్టి గీత గీసి మరీ కత్తిరించింది. ఆమె ఏ పనైనా శుభ్రంగా చేస్తుంది. నూట పన్నెండో కాగితం ఆఖర్న వచ్చింది. పెంటయ్య బొటనవేలు మధ్యలో పాత గాటొకటి ఉన్నట్టుంది, ముద్రలో తెల్లటి గీత పడింది. భూతద్దం కూడా అక్కర్లేకుండా పట్టుకుందురు, బతికిపోయాడు అనుకుంది. కత్తెర ఆడింది.

ముక్కలన్నీ ఒళ్ళో వేసుకుని వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ పొయ్యి దగ్గర పెంటయ్య భార్య మల్లమ్మ కూర్చుని ఉంది. గెస్టుహౌసు ఊడ్చేదీ వండేదీ ఆమే.

“మల్లమ్మా, కాస్త జరుగుతావా.”

మల్లమ్మ జరిగింది. హైమావతి గుప్పెళ్ళతో ముక్కలు పొయ్యిలో వేసింది. ఒకటి జారి మల్లమ్మ పాదం దగ్గర పడింది. మల్లమ్మ కాలు వెనక్కి తీసుకుని, దాన్ని తీసి వెలుతురు వైపు పట్టి చూసింది.

“గివి మనోళ్ళ ముద్రలు గదమ్మా. ఎందుకు కాలుస్తున్నవు?”

“మీ మంచికే. వీటివల్ల మీ వాళ్ళకి ప్రమాదం. మీ ఆయనకి కూడా.”

మల్లమ్మ ముక్క తిరిగి ఇవ్వలేదు, పొయ్యిలోనూ వేయలేదు. అటు గోడ గూట్లో పెట్టింది. హైమావతే దాన్ని తీసి మంటలో వేసింది. మల్లమ్మ గొట్టం అందుకుని పొయ్యి ఊదడం మొదలుపెట్టింది.

*

మూడింటికి బొత్తి తీసుకుని త్రినాథరావు గదికి వెళ్ళింది. నిన్నటి తర్వాత ఆ మధ్యాహ్నమే ఆమెకి అన్నం సయించింది. ఆయన మూలలు కత్తిరించిన కాగితాలు చూసి కనుబొమలెత్తాడు. పైనుంచి ఒక్కొక్కటీ తిప్పుతూ వెళ్ళాడు. కొన్ని చదివాడు, కొన్ని వదిలేశాడు. ఫ్యాను కింద కాగితాలు లేచిపోకుండా వాటి మీద మోచెయ్యి ఆనించుకున్నాడు. నూట పన్నెండో కాగితం వెనక తిప్పి మొదటి నుంచి చివరిదాకా చదివాడు. చదివాక దాన్ని పక్కన పెట్టాడు.

“కష్టపడ్డారు మేడమ్. ఒక్క అంగుళం ఎక్కువ తక్కువ లేదు.”

“షరతు ప్రకారం వివరాలన్నీ ఇచ్చాను. ముద్రలు వివరాలు కావు.”

“కావు, కావు.” ఆయన పక్కన పెట్టిన కాగితం మీద వేళ్ళు ఆడించాడు. “జాలీ విప్పింది నేనే అంటున్నాడు ఇతను. ఆ ప్రెస్సు మీద ఆ షిఫ్టులో ఉన్నది ముగ్గురేనండి. అంజయ్య ఆస్పత్రిలో పడుకుని, ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు. పెద్దరాములు ఈ వారమంతా సెలవు పెట్టి అత్తగారి ఊరు వెళ్ళాడు, నేనే సంతకం చేశాను. ఇక మిగిలిందెవరు?”

హైమావతి ఆ కాగితం కోసం చెయ్యి చాచింది, ఈసారి ఆయన ఇవ్వలేదు.

“ముద్ర ఉంటే నాకు కొంచెం ఇబ్బందయ్యేది. ఎవడో లాయరు చేతిలో పడితే అది సాక్ష్యం. ఇప్పుడిది ఎవరి మాటా కాదు, ఉత్త కాగితం. మీరు మా నెత్తిన పాలు పోశారు.” బొత్తిని సొరుగులో పెట్టి తాళం వేశాడు. “రేపు అంజయ్య కేసుకి నేను సంగారెడ్డి వెళ్తున్నాను. సోమవారం పెంటయ్యతో మాట్లాడతాం లెండి. మీరు కంగారు పడకండి.”

బయటికి వచ్చి వరండా స్తంభం పట్టుకుంది. కాపాడుతున్నాననుకుని కాల్చింది. కాల్చింది పెంటయ్యని కాపాడలేదు, అంజయ్యకి పనికొచ్చే ఒక్క ఆధారాన్ని మాత్రం బూడిద చేసింది. చదువుకున్న బుద్ధి అంత పని చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు. సోమవారం పెంటయ్యతో ఏం మాట్లాడతారో ఆమెకి తెలుసు.

*

నాలుగింటికి పని ముగించుకుని వెళ్తున్న మల్లమ్మ వెనకే నడిచింది. కర్దనూరు చేరేసరికి పొద్దు వాలుతోంది. పెంటయ్య వాకిట్లో మంచం నిలబెట్టి నులక బిగిస్తున్నాడు. ఆమెను చూసి లేవలేదు. మల్లమ్మ పీట వేసింది.

“మధ్యాహ్నం గేటు కాడ కలిసినప్పుడు చెప్పింది మల్లమ్మ. మా ఊరోళ్ళ ముద్రలన్నీ పొయ్యిల పెట్టినవంట.”

హైమావతి జరిగింది జరిగినట్టు చెప్పింది. నాలుగో షరతూ, భూతద్దం, కత్తెరా, ముగ్గురే అన్న మాటా. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ పెంటయ్య నులక లాగి, ముడి వేసి, మళ్ళీ లాగాడు.

“మీకోసమే అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకోసం కూడా. భయపడ్డాను పెంటయ్యగారూ.”

“మాకోసమైతే మమ్ముల అడగాలె గదమ్మా.”

ఆమె తలవంచుకుంది.

“శుక్రారం దాకనే ఉంటదంట డాక్టరమ్మ, శుక్రారమే అంజయ్య కేసు. యూనివర్సిటీ మనిషి, సర్కారు మనిషే గద. ఈ కాయితాలు తీస్కొని సంగారెడ్డి పోతదనుకున్నం మేమంతా. గందుకే సదివించుకొని పెట్టినం ముద్రలు. నువ్వేమో అలవాటనుకున్నవు.”

“మీకు భయం వేయలేదా, పెట్టేటప్పుడు?”

పెంటయ్య మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

“భయమున్నదనే పెట్టిన. నోటి మాటైతే పొద్దుకు ఒక తీరు మారుతది. ఇంట్ల పిల్లల మొకం జూస్తే మారుతది, సూపర్‌వైజర్ మొకం జూస్తే మారుతది. ఏలు పెట్టినంక ఇగ మర్లి పోతందుకు లేదు. నన్ను నేను కట్టేసుకున్న. గా కట్టు నువ్వు ఇప్పినవు. రేపు పొద్దుగాల లేసేటాళ్ళకు నేను ఎట్లుంటనో నాకే తెల్వదు.”

ఇరవై ఏళ్ళుగా చదివిన చదువులో ఈ మాట ఎక్కడా కనపడలేదు హైమావతికి. భయాన్ని నాలుగు గడుల్లో పెట్టి కొలిచింది. దానితో మనుషులు ఏం చేస్తారో ఒక్కరినీ అడగలేదు. తన ప్రశ్నలన్నీ ఆమెకి ఆ వాకిట్లో చాలా చిన్నవిగా కనిపించాయి.

“మల్లా రాయి,” అన్నాడు పెంటయ్య. “ఇప్పుడే.”

సంచిలో తెల్లకాగితాలున్నాయి. మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని రాసింది. ఈసారి కొట్టివేతలు లేవు. ఆయన ఎలా చెబితే అలా, ఆ మాటల్లోనే రాసింది. చదివి వినిపించింది. సిరా మెత్త ఫ్యాక్టరీలో ఉండిపోయింది. మల్లమ్మ దీపం చిమ్నీకి పట్టిన మసి గీకి, ఆముదంలో కలిపి, చిప్పలో తెచ్చింది. మొగుడి చేతిని తనే పట్టుకుని, బొటనవేలు అద్ది, కాగితం మీద పెట్టించింది. పెట్టించాక కొంగుతో ఆ వేలు తుడిచింది.

హైమావతి కాగితం మడవబోయింది.

“ఆగు. పక్కన రాసినోళ్ళ పేరుండాలె. ముద్ర వట్టిగ సెల్లది. పొలాలప్పుడు పట్వారీ రాసిండు.”

పెన్ను ఆమె వేళ్ళ మధ్యే ఉంది. పేరు రాస్తే నాలుగో షరతు పోతుంది, డైరెక్టరు పోతాడు, ప్రొఫెసరు పోస్టు పోతుంది, ఉన్న ఉద్యోగానికీ ఎసరు రావచ్చు. నూట పన్నెండు మందికి పేరు అక్కర్లేదని చెప్పిన మనిషిని ఇప్పుడు పేరు రాయమంటున్నారు.

“రేపు సంగారెడ్డిలో రాస్తాను. ఆఫీసరు ముందరే.”

పెంటయ్య తల అడ్డంగా ఊపాడు. “రేపటికి భయం పెరుగుతది గని తగ్గదమ్మా. నాకెరుకే.”

రాసింది. చెప్పగా రాసి, చదివి వినిపించినది, అని మొదలుపెట్టి పేరూ, డిగ్రీలూ, హోదా, డిపార్టుమెంటూ, ఊరూ అన్నీ రాసి సంతకం చేసింది. మల్లమ్మ మజ్జిగ తెచ్చి ఇస్తే గుటుక్కున తాగేసింది. గేటు దగ్గర సంచి విప్పి చూస్తారని, ఆ రాత్రి గెస్టుహౌసుకి వెళ్ళకుండా అక్కడే పడుకుంది.

*

శుక్రవారం పొద్దున్న పటాన్‌చెరు బస్టాపులో హైదరాబాదు బస్సు ముందొచ్చింది. ఖాళీగా ఉంది. సంచి పట్టుకుని నిలబడ్డ ఆమెను చూసి కండక్టరు, “వస్తరా అమ్మా,” అని అడిగాడు. ఆమె ఒక అడుగు వేసింది. నిజంగానే వేసింది. రోడ్డుకి అవతల పక్క పెంటయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని, తనకేమీ కాని మనిషిలా నిలబడి ఆ అడుగు చూశాడు. బస్సు వెళ్ళిపోయింది. ఆమె రోడ్డు దాటింది. సంగారెడ్డి బస్సులో ఒకరు ముందు, ఒకరు వెనక కూర్చున్నారు.

లేబర్ ఆఫీసు పెంకుటింట్లో ఉంది. గదిలో ఆఫీసరు బల్లకి కుడి వైపు త్రినాథరావు కుర్చీలో ఉన్నాడు. పక్కన మరో కుర్చీ మీద ఆయన బ్యాగు. ఎడమ వైపు పొట్టి బెంచీ మీద అంజయ్య, అతని భార్య ముత్యమ్మ. అంజయ్య కుడి చేతికి కట్టు ఇంకా ఉంది.

త్రినాథరావు ఆమెను చూసి ఆశ్చర్యపడ్డాడు. వెంటనే తేరుకుని, బ్యాగు తీసి కింద పెట్టుకుని, “రండి మేడమ్, ఇలా కూర్చోండి,” అన్నాడు. ఆమె వెళ్ళలేదు. పెంటయ్య పక్కనే గుమ్మం దగ్గర నిలబడింది. ఆమె నిలబడ్డ చోటు చూశాక ఆయన మొహంలో నవ్వు పోయింది.

ఆఫీసరు నడివయసు మనిషి. కళ్ళజోడు సవరించుకుని ఫ్యాక్టరీ ఎంక్వైరీ కాగితం చదివాడు. ఇంకేమైనా ఉందా అని అడిగాడు. హైమావతి ముందుకు వచ్చి కాగితం బల్ల మీద పెట్టి మళ్ళీ వెనక్కి వెళ్ళింది. ఆఫీసరు దాన్ని పైకి చదివాడు. జాలీ ఇప్పుమన్నరు, నేను ఇప్పిన అన్న దగ్గర అంజయ్య తల ఎత్తి పెంటయ్యను చూశాడు.

“పెంటయ్య అంటే నువ్వేనా? ఈ ముద్ర నీదేనా?”

పెంటయ్య త్రినాథరావును చూశాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. ముత్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

“చెప్పవయ్యా. నీదేనా, కాదా?”

త్రినాథరావు మెల్లగా అన్నాడు. “చదువురాని వాడండి. ఎవరు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాడు. మొన్న మాకూ పెట్టాడు.”

ఆఫీసరు కాగితం తిప్పి చూసి, “కింద సంతకం చేసిన ఆవిడ ఎవరు?” అన్నాడు.

ఆ మాటకి గదిలో ఎవరూ ఆమె వైపు చూడలేదు, త్రినాథరావు తప్ప. ఇంకా సమయం ఉంది మేడమ్ అన్నట్టు చూశాడు. హైమావతి బల్ల దాకా నడిచింది. గొంతు వణుకుతుందని తెలుసు, వణికింది కూడా.

“నేనండి. హైమావతి నా పేరు. ఆయన చెబితే నేను రాశాను. ఈ మాట ఆయన రెండుసార్లు చెప్పారు. మొదటి కాగితం మీద కూడా ఆయన ముద్ర ఉండేది. దాన్ని నేను భయపడి కత్తిరించి కాల్చేశాను. ఆ కాగితం మూల లేకుండా ఈయన సొరుగులో ఉంది. తెప్పించుకుని రెండూ పోల్చి చూడండి.”

ఆఫీసరు ఆమె చెప్పింది రాసుకున్నాడు. వెనక నుంచి పెంటయ్య గొంతు వచ్చింది, బొంగురుగా.

“నాదే సారు. ముద్ర నాదే. మొన్న పెట్టింది అబద్ధం. జాలీ ఇప్పింది నేను, ఇప్పుమన్నది సూపర్‌వైజరు. అంజయ్యది తప్పు లేదు.”

త్రినాథరావు ఫైలు మూసి, దానికి తాడు చుట్టసాగాడు. ఒకసారి చుట్టింది విప్పి మళ్ళీ చుట్టాడు.

“సొరుగులో ఉన్న కాగితం సోమవారం తెండి,” అన్నాడు ఆఫీసరు ఆయనతో. తర్వాత హైమావతిని చూసి, “ఇంకా పనుందమ్మా, ఈ పెంటయ్య వాంగ్మూలం తీసుకోవాలి. మీరు కూర్చోండి,” అన్నాడు.

ఆమె కుర్చీ వైపు చూసింది. త్రినాథరావు బ్యాగు కింది నుంచి తీసి మళ్ళీ దాని మీద పెట్టేశాడు. సోమవారం ఏమవుతుందో, వచ్చే నెల ఏమవుతుందో ఆ బ్యాగే చెబుతోంది. గదిలో ఖాళీ కుర్చీ మరొకటి లేదు.

అంజయ్య కట్టు కట్టిన చెయ్యి ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, భార్య వైపు కొంచెం జరిగాడు.

“ఇట్ల కూసో అమ్మా,” అన్నాడు.

హైమావతి వెళ్ళి కూర్చుంది. బెంచీ ముగ్గురికి ఇరుకు.